బాబాయి ఫోన్‌లో నీలం చుక్క

మా పిన్ని చెవులు సరిగ్గా వినిపించని ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వాళ్ళ చెవి మిషన్లు శుభ్రం చేసి, బ్యాటరీ మార్చి, పనిచేస్తున్నాయో లేదో చూసి వస్తుంది. క్లినిక్ మెట్లు ఎక్కలేని వాళ్ళంతా ఆవిడ వాటా. సన్నటి బ్రష్, గుబిలి తీసే తీగ, చొక్కా గుండీ అంత బ్యాటరీలు, మెత్తటి గుడ్డ అన్నీ ఒక డబ్బాలో సర్దుకుని తిరుగుతుంది. పరీక్షకి ఆవిడ పద్ధతి ఒకటుంది. ముసలాయనకి వీపు తిప్పి నిలబడి మామూలు గొంతుతో ఏదో ఒకటి అడుగుతుంది. పెదాలు చూసి మాట పోల్చుకునే దొంగవేషాలు ఆవిడ దగ్గర చెల్లవు. "మీ కోడలు మంచిదేనా?" అని గోడకేసి అడుగుతుంది. వెనక నుంచి జవాబొస్తే మిషన్ పనిచేస్తున్నట్టు. జవాబు రాకపోయినా కొన్నిసార్లు పనిచేస్తున్నట్టే అని పిన్నే నవ్వుతూ చెప్పేది.

అంత నవ్వే మనిషి సాయంత్రం ఇంటికెళ్ళడానికి కారెక్కగానే మూగదైపోయేది. దానికి కారణం మా బాబాయి. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు గానీ, నాకు ఆ మర్యాద అంత తొందరగా అబ్బలేదు.

బాబాయిది నీళ్ళ బోర్డు కంట్రోల్ రూమ్‌లో ఉద్యోగం. ఊళ్ళోని ట్యాంకుల్లో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో గోడ నిండా మీటర్ల ముళ్ళు, దీపాలు చూపిస్తుంటాయి. వాటికేసి గుడ్లప్పగించి కూర్చోవడం, ముల్లు పడిపోతే ఫోన్ తీసి అవతలివాణ్ణి పరిగెత్తించడం ఆయన పని. అలాంటివాడు ఇంటికొచ్చి కళ్ళు మూసుకుంటాడా? గ్యాస్ బండ ఊపి చూసేవాడు. షాంపూ సీసా కిటికీ వెలుగుకి ఎదురుగా పెట్టి ఎంత మిగిలిందో చూసేవాడు. పిల్లల్లేని ఇల్లు కావడంతో చూడ్డానికి ఆయనకి మిగిలింది పిన్ని ఒక్కతే.

పిన్ని పనికి పనికొస్తుందని కరెంటు కారు కొన్నాడు. కారుతో పాటు ఫోన్‌లోకి ఒక యాప్ వచ్చింది. కారు ఎక్కడుందో మ్యాపు మీద నీలం చుక్కగా కనిపిస్తుంది. ఛార్జింగ్ ఎంత ఉంది, తలుపు వేసుందా తీసుందా, లోపల ఎంత వేడిగా ఉంది, అన్నీ తెలుస్తాయి. కుర్చీలోంచి లేవకుండానే కారులో ఏసీ వేయొచ్చు. ఆ యాప్ బాబాయి తన ఫోన్‌లోనే పెట్టుకున్నాడు. పిన్ని చేతికి తలుపు తీసే కార్డు మాత్రం ఇచ్చాడు. "నడిపేది నువ్వు, చూసుకునేది నేను" అన్నాడట, అదేదో వరమిచ్చినట్టు.

ఆయన అరిచే మనిషి కాదు. సాయంత్రం పిన్ని చెప్పులు విప్పుతుండగానే నెమ్మదిగా అడిగేవాడు, "మందుల షాపు దగ్గర అంతసేపు ఆగావేం?" అని. జనం ఉన్నారని చెప్తే తలాడించేవాడు. ఆ తలాడింపు చూస్తే అరిచినా బాగుండేదనిపించేది నాకు.

ఇక మా ఇంటి గేటు సంగతి. మా నాన్నకి డ్రైవింగ్ స్కూలుంది. ఇప్పుడు ఆడవాళ్ళ బ్యాచ్‌కి నేనే నేర్పిస్తున్నాను. కారు కొత్తలో బాబాయి, పిన్ని మా ఇంటికొచ్చారు. ఇంటి నిండా చుట్టాలున్నారు. వెళ్ళేటప్పుడు బాబాయి కారు వెనక్కి తీస్తుంటే నాన్న ఊరుకోవచ్చుగా? "ఎడమకి, ఎడమకి... అయ్యో, అంత కాదు!" అని కేకలు. ఆ కేకలకి కంగారుపడి బాబాయి గేటు స్తంభానికి కారు గీరించాడు. చుట్టాలు నవ్వారు. నాన్న అక్కడితో ఆగకుండా, "మా దగ్గర నిన్న చేరిన పిల్లలు నయం" అని నోరు జారాడు.

బాబాయి దిగి, గీత మీద వేలు పెట్టి చూసి, "ఈ గేటు దగ్గర నా కారు ఇక ఆగదు. మా ఇంట్లోవాళ్ళ కాలు కూడా పడదు" అన్నాడు. నాన్నకి ముక్కు మీద కోపం. "ఆగకపోతే పీడా పోయె!" అన్నాడు. ఇద్దరు తోడల్లుళ్ళ పంతానికి అక్కచెల్లెళ్ళిద్దరూ బలైపోయారు. అమ్మమ్మ చిన్నప్పుడే పోతే, పిన్నికి జడలేసి బడికి పంపింది మా అమ్మ. వాళ్ళిద్దరినీ విడదీయాలంటే కారు మీద పడ్డ ఒక్క గీత చాలదు.

అక్కని చూడకుండా పిన్ని ఉండలేదు. నీలం చుక్క మా గేటు దగ్గర ఆగకూడదు. అప్పుడు దొరికాడు క్లారినెట్ తాత. ఒకప్పుడు బ్యాండు బృందంలో క్లారినెట్ వాయించి వాయించి చెవులు పోగొట్టుకున్న మనిషి. పళ్ళూ లేవు, వినికిడీ లేదు, నవ్వు మాత్రం దండిగా ఉంది. మా వీధికి వెనకాల అపార్ట్‌మెంట్‌లో కూతురితో ఉండేవాడు. కూతురు పగలంతా బళ్ళో పాఠాలు చెప్పుకునేది. వారానికోసారి తాత మిషన్ చూడ్డానికి పిన్ని అక్కడికి వెళ్ళేది. విజిటర్ల చోట, చెట్టు కింద కారు పెట్టి, పైకెళ్ళి పని ముగించుకుని, వెనక గేటులోంచి సందు దాటి, గొడుగేసుకుని మా ఇంటికి నడిచొచ్చేది. అమ్మ దగ్గర కాసేపు కూర్చుని, గడియారం చూసుకుని, మళ్ళీ గొడుగేసుకుని వెళ్ళిపోయేది. చుక్క మాత్రం కదలకుండా తాత ఇంటి దగ్గరే ఉండేది.

కొన్నిసార్లు తిరిగి వెళ్ళేసరికి కారులో ఏసీ తిరుగుతూ ఉండేదట. బాబాయి ఇంట్లో కూర్చుని వేసేవాడు. "చల్లగాలి మొహానికి తగలగానే నాకు చెమటలు పట్టేవే. చూస్తున్నాను, ఇక బయల్దేరు అన్నట్టుండేది" అని నాతో చెప్పింది.

కొన్నాళ్ళకి క్లారినెట్ తాత పోయాడు. ఆయన మిషన్ శుభ్రం చేయడానికని అప్పటికే పిన్ని డబ్బాలో ఉంది. ఆ వార్త చెప్దామనే పిన్ని ఇంటికెళ్ళింది. నోరు తెరిచేలోపు బాబాయి ఫోన్‌లోంచి తలెత్తి, "తాత ఎలా ఉన్నాడు?" అన్నాడు.

"బానే ఉన్నాడు" అనేసింది.

అంతే, ఆ రోజు నుంచి పోయిన తాత బతికాడు. తాత లేకపోతే అక్క లేదు మరి. పిన్ని ఎప్పటిలాగే వారం వారం వెళ్ళి, ఆ చెట్టు కిందే కారు పెట్టి, పైకి వెళ్ళకుండా నేరుగా వెనక గేటులోంచి మా ఇంటికి వచ్చేది. తాత మిషన్‌లో కొత్త బ్యాటరీ వేసి డబ్బాలో బాబాయి కంటపడేలా పెట్టేది. ఇంట్లో తాత కబుర్లు చెప్పేది. ఇవాళ కాలింగ్ బెల్ వినిపించిందట, ఇవాళ క్లారినెట్ తీసి తుడిచాడట. "ఏం వాయించాడు?" అని బాబాయి అడిగితే, "ఊపిరి చాలక మధ్యలో ఆపేశాడు" అని ఈవిడ. అబద్ధానికి చిలవలు పలవలు వచ్చి తాతకి ఒక ఆయుష్షే ఏర్పడింది.

మధ్యలో ఇంకో చిత్రం. బాబాయికి తాత మీద అభిమానం పుట్టుకొచ్చింది. "ఉత్త చేతులతో వెళ్తావేం?" అని పళ్ళు కొని పంపేవాడు. మొదట్లో మాగిన అరటిపళ్ళు, బొప్పాయి. తర్వాత్తర్వాత ఆపిళ్ళు, దానిమ్మలు. అవన్నీ మా ఇంటికే చేరేవి. "పళ్ళు లేని తాతకి దానిమ్మకాయలేంటే?" అని అమ్మా పిన్నీ నోటికి చీర కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు. నాన్న మాత్రం ఎవరు పంపారని అడక్కుండా ఒలుచుకుని తినేవాడు. తెలిస్తే తినలేడు కదా.

తర్వాత బాబాయి పోయాడు. కంట్రోల్ రూమ్‌లోనే, కుర్చీలో కూర్చునే, గుండె ఆగిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పక్క కుర్చీవాడు చాలాసేపు ఆయన ముళ్ళు చూస్తున్నాడనే అనుకున్నాడట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకే ఒళ్ళు జలదరిస్తుంటే, పిన్ని సంగతి వేరే చెప్పాలా?

పిన్ని ఏడవలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసింది, మంచినీళ్ళిచ్చింది, వెళ్ళేవాళ్ళని గుమ్మం దాకా సాగనంపింది. గుండె రాయి చేసుకుందని కొందరు, బతికిపోయిందని కొందరు అన్నారు. రెండో రకంలో నేనూ ఉన్నాను.

నాన్న తనకు తానే అమ్మతో, "మీ చెల్లెల్ని కారుతోనే రమ్మను. గేటు తీసే ఉంచుతాను" అన్నాడు. పంతం పట్టడానికి అవతల మనిషి ఉండాలి కదా, ఆయన చప్పబడిపోయాడు. "అలాగే బావగారూ" అంది పిన్ని. మరుసటి వారం మళ్ళీ చెట్టు కింద కారు పెట్టి, గొడుగేసుకుని, నడిచే వచ్చింది.

"ఇప్పుడెవరు చూస్తారు పిన్నీ?" అని నేను విసుక్కున్నాను.

"చుక్క కదులుతూనే ఉంది కదే" అంది.

నాకర్థం కాలేదు. ఒకసారి ఏదో పని మీద వాళ్ళ ఇంటికి వెళ్ళాను. పిన్ని కిందికి వెళ్ళింది. పడగ్గదిలో బాబాయి మంచం పక్కన బల్ల మీద ఆయన ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. కళ్ళజోడు, సగం వాడిన మాత్రల అట్ట ఉన్నచోటే ఉన్నాయి. చూస్తుండగానే ఫోన్ వెలిగింది. 'మీ కారు తలుపు తెరుచుకుంది' అని ఖాళీ మంచానికి చెప్పింది. కాసేపటికి 'మీ కారు తలుపు మూసుకుంది' అంది. పట్టపగలు, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. అయినా నేను ఆ గదిలో ఇంకొక్క క్షణం నిలబడలేకపోయాను. పిన్ని పైకొచ్చి చెప్పులు విప్పుతూ ఆ గది వైపు తిరిగి, "కూరగాయల సంచీ మర్చిపోతే తెచ్చుకున్నాను" అంది. ఆ మాట నాతో అన్నది కాదు.

యాప్ ఆపేస్తున్నామని కార్ల కంపెనీ పంపిన కబురు కూడా ఆ ఫోన్‌కే వచ్చింది. పాత మోడళ్ళకి ఇక యాప్ పనిచేయదు, ఫలానా తేదీ సాయంత్రంతో సరి, ఇన్నాళ్ళూ మాతో ప్రయాణించినందుకు ధన్యవాదాలు. పిన్ని వాళ్ళ సెల్లార్‌లో ఆ మోడల్ కార్లున్న వాళ్ళంతా ఒంటికాలి మీద లేచారు. పై అంతస్తు బ్యాంకాయన ప్లగ్గు చేత్తో పట్టుకుని, "రోడ్డు మీద ఛార్జర్ మొదలెట్టాలంటే యాప్ కావాలి, కార్డు పోతే తలుపు తీయాలంటే యాప్ కావాలి. ఇప్పుడు తీసేస్తే? మనం కొన్నది కారా, వాళ్ళ దయా?" అని కనిపించినవాళ్ళందరినీ నిలదీస్తున్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. అమ్మేటప్పుడు అరచేతిలో కారు అన్నారు, ఇప్పుడు మొండిచెయ్యి చూపిస్తున్నారు.

పిన్ని కంపెనీకి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను. ఫోన్ ఎత్తిన అమ్మాయి కారు మామూలుగానే నడుస్తుందని పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"మరి కారు ఎక్కడుందో?" అంది పిన్ని.

"కనిపించదు మేడమ్."

"మావారి ఫోన్‌లో కూడానా?"

"ఏ ఫోన్‌లోనూ కనిపించదు మేడమ్. ఇంకేమైనా సాయం కావాలా?"

పిన్ని అక్కర్లేదని పెట్టేసింది. పీడా వదిలింది, పార్టీ చేసుకుందాం అన్నాను నేను. పిన్ని నా వంక చూసిన చూపుకి ఆ నవ్వు నా మొహం మీదే ఆరిపోయింది.

"అది మూసేశాక మీ గేటు దగ్గరికి వస్తే, మళ్ళీ చాటుగా వచ్చినట్టే కదే. ఇన్నేళ్ళూ ఆయన కళ్ళు గప్పాను. పోయాక కూడా గప్పుతూనే ఉన్నాను. ఆయన చూస్తుండగా ఒక్కసారి మా అక్క ఇంటికి కారులో వెళ్ళాలి. ఆ తర్వాత మూసుకుంటే మూసుకోనీ. చివరి రోజు నువ్వు నా పక్కన కూర్చో, ఒక్కదాన్నే అయితే మళ్ళీ ఆ చెట్టు కిందకే తిప్పేస్తాను" అంది.

చనిపోయిన మనిషికి కనిపించాలని ఈ తాపత్రయం ఏమిటని నాకు ఒళ్ళు మండింది. కానీ ఎప్పుడూ ఎవరి సాయమూ అడగని మనిషి అడిగింది. వస్తానన్నాను.

చివరి రోజు మధ్యాహ్నం బయల్దేరాం. బాబాయి ఫోన్ పిన్ని హ్యాండ్‌బ్యాగులో ఉంది. కారు మాత్రం మా ఇంటి వైపు కాకుండా తాత అపార్ట్‌మెంట్ వైపు తిరిగింది. నేను నోరు తెరవబోతే, "తెలుసులే. మర్చిపోయి కాదు" అంది. డబ్బాలోంచి తాత చెవి మిషన్ తీసి చూపించింది, మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. "ఇది వాళ్ళకి ఇచ్చేయాలి. అబద్ధం ఆపాలంటే ముందు తాతని పోనివ్వాలి కదా."

తాత కూతురు ఇప్పుడు ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉంటోంది. తలుపు తీసి పిన్నిని గుర్తుపట్టి లోపలికి పిలిచింది. గదిలో గోడకి తాత ఫొటో, కింద బల్ల మీద పెట్టెలో క్లారినెట్. పిన్ని గుడ్డ విప్పి మిషన్ ఆవిడ చేతికిచ్చి, "క్షమించండి. ఎప్పుడో ఇవ్వాల్సింది" అంది.

ఆవిడ మిషన్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఫర్వాలేదండీ, మీ దగ్గరుందని నాకు తెలుసు. మీ దగ్గరే ఉండనివ్వమని మీవారే అన్నారు" అంది.

పిన్ని గుడ్డ మడతపెట్టడం ఆపేసింది. "మావారా?"

"అవునండీ, ఒకసారి వచ్చారు కదా. నాన్న పోయిన మరుసటి ఏడాది. పళ్ళ సంచీ పట్టుకుని, తాతని చూసిపోదామని వచ్చానన్నారు. నాన్న పోయి ఏడాదైందని చెప్తే, అదిగో ఆ కుర్చీలోనే చాలాసేపు కూర్చుండిపోయారు. కాసిని మంచినీళ్ళు అడిగారు. మిషన్ మీ దగ్గర ఉండిపోయింది, పంపమని నేనంటే, 'అది ఆవిడ దగ్గరే ఉండనివ్వండి' అన్నారు. తను వచ్చినట్టు మీకు చెప్పొద్దన్నారు. వెళ్తూ వెళ్తూ కింద సెక్రటరీతో మాట్లాడి, ఆ చెట్టు కింద చోటు మీ కారుకి వదిలేయమని చెప్పి వెళ్ళారు. మీకు ఇక్కడ దగ్గర్లో పనుంటుంది, ఎండన పడి నడవాలి, కారన్నా నీడలో ఉండాలి అన్నారట." ఆగి, "ఎలా ఉన్నారండీ ఆయన?" అని అడిగింది.

పిన్ని "బానే ఉన్నారు" అంది. అని, వెంటనే తలడ్డంగా ఊపి, "లేదండీ, పోయారు" అంది. ఆవిడ అయ్యో అంటుండగానే లేచి నిలబడింది.

కిందికొచ్చి కారులో కూర్చున్నాం. పిన్ని కారు తీయలేదు. బయటి నుంచి వచ్చేవాళ్ళు ఎవరి కారు పెట్టినా తగాదా పడే ఆ అపార్ట్‌మెంట్‌లో తనని ఇన్నేళ్ళూ ఎవరూ పల్లెత్తు మాట అనలేదేమిటా అని అప్పుడప్పుడూ అనుకునేదట. అదృష్టం అనుకుందట.

"తెలుసే ఆయనకి. తెలిసే సాయంత్రం పూట నా ఎదురుగా కూర్చుని, తాత ఇవాళ ఏం విన్నాడు, ఏం వాయించాడు అని అడిగేవాడు. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. మొహంలో ఒక్క గీత కదిలేది కాదు. ఒకసారి, 'తాతకి నా గురించి ఎప్పుడైనా చెప్పావా?' అన్నాడు. 'చెప్పాను, మీరు మంచివారని అన్నాడు' అన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అప్పటికి తాత పోయాడని ఆయనకి తెలుసా, తెలీదా? నాకిప్పుడు ఎవరు చెప్తారు?"

నాకు ఇక కోపం ఆగలేదు. "అంత తెలిసినవాడు, కారు మీ అక్క ఇంటి దగ్గరే పెట్టుకోవే అని ఒక్క మాట అంటే ఏం పోయేది? నిన్నలా ఎండలో నడిపించి, పైనుంచి ఏసీ వేయడం ఒక దయా?" అన్నాను.

"ఏమో" అంది పిన్ని. "క్షమించాడో, ఆడుకున్నాడో తెలీదు. ఆ మాట అంటే గేటు దగ్గర ఓడిపోయినట్టు కదా. ఆయన ఓడిపోలేడు."

అని కారు తీసింది. వెనక సందులో కారు పట్టదు. పెద్ద రోడ్డు చుట్టి రావాలి. ఇన్నేళ్ళుగా వస్తూ పోతూ ఉన్నా, కారులో మా ఇంటికి దారేదో ఆవిడకి సరిగ్గా తెలీదు. ఎక్కడ తిరగాలో నేను చెప్తుంటే, నేర్చుకునే పిల్లలాగా నడుపుకుంటూ వచ్చింది.

నాన్న గేటు రెండు రెక్కలూ బార్లా తీసి, చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడ్డాడు. పిన్ని కారు లోపలికి తిప్పుతుంటే స్తంభానికి చాలా దగ్గరగా వచ్చింది. నాన్న పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. ఆ మనిషి డ్రైవింగ్ చూస్తూ నోరు మూసుకోవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

అమ్మ మాత్రం బయటికొచ్చి, కారుని చూసి, వీధిలో అటూ ఇటూ చూసి, "చిట్టీ, ఇక్కడ పెట్టావేంటే? తీసెయ్, తీసెయ్, కనిపిస్తుంది!" అంది. బాబాయి పోయి ఏడాది దాటింది. అయినా అమ్మ గుండెలు బాదుకుంటోంది.

"కనిపించనీ అక్కా" అంది పిన్ని. "ఎప్పటి నుంచో కనిపిస్తూనే ఉన్నాం."

ముందుగదిలో కూర్చుని అంతా చెప్పింది. చివరికి పిన్ని అంది, "పళ్ళ సంచీ చేతికిచ్చేటప్పుడు మొదట్లో తాతని అడిగానని చెప్పు అనేవాడక్కా. తర్వాత్తర్వాత, అక్కడివాళ్ళందర్నీ అడిగానని చెప్పు అనేవాడు. ప్రతిసారీ అనేవాడు. తాత లేడు కదా, ఎవరికి చెప్తానులే అని నేనెప్పుడూ మీకు చెప్పలేదు."

అమ్మ కళ్ళు ఒత్తుకుంది. నాన్న కిటికీ వైపు తిరిగి నిలబడి, "నాకు దానిమ్మలంటే ఇష్టమని ఆయనకి తెలుసు" అన్నాడు.

పిన్ని హ్యాండ్‌బ్యాగులోంచి బాబాయి ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. మ్యాపు మీద మా వీధి, మా ఇల్లు, దాని మీద నీలం చుక్క. అమ్మ కూడా వంగి చూసింది. ఇంత పెద్ద యుద్ధం ఆ కందిగింజంత చుక్క కోసమా అన్నట్టు చూసింది. ముగ్గురం దానికేసి చూస్తూ కూర్చున్నాం. ఎండ వాలింది. ఎవరూ ఏమీ నొక్కలేదు. చుక్క ఉన్నట్టుండి లేదు. మ్యాపు కూడా పోయి, ఈ సేవ ఇక అందుబాటులో లేదని తెల్లటి తెర మీద రెండు ముక్కలు మిగిలాయి.

పిన్ని గోడ గడియారం చూసి ఉలిక్కిపడి లేచింది. "అమ్మో, పొద్దుపోయింది. నేను వెళ్ళాలి" అంటూ గొడుగు కోసం వెతుక్కుంది.

"కూర్చోవే, ఎక్కడికి?" అంది అమ్మ చెయ్యి పట్టుకుని. "ఇంటి దగ్గర ఎవరున్నారని?"

పిన్ని నిలబడే ఆలోచించింది. ఆ ప్రశ్న తనని ఎవరూ ఇంతవరకు అడగనట్టు, తనూ వేసుకోనట్టు నిలబడింది. "ఎవరూ లేరు" అంది. అని, అమ్మ ముందు నేల మీద కూలబడి, తల అమ్మ ఒళ్ళో పెట్టి ఏడవడం మొదలుపెట్టింది. బాబాయిని తీసుకెళ్ళిన రోజు రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. ఆవిడకి ఆయన పోయింది, చుక్క ఆరిపోయిన ఈ సాయంత్రమే. ఆయన మీద నాకున్న కోపం ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు.

"అక్కా, నేనెక్కడున్నానో ఇక ఎవరికీ తెలీదే" అంటోంది వెక్కుతూ. "ఎవరికీ తెలీదే."

నాన్న కిటికీ దగ్గర నుంచి వచ్చి, కొంచెం దూరంలో ఆగి, "మా ఇంట్లో ఉన్నావమ్మా" అన్నాడు. అది పిన్నికి వినిపించినట్టు లేదు.